మిగిలిన మూడు కాయలు ఎవరికి?

ఏమే చెల్లీ, మొన్న రాత్రి ఫోనులో నువ్వన్న మాట నన్ను నిద్ర పోనివ్వలేదు. "అక్కా, మా పిల్లలు ఎక్కాలు గడగడా అప్పజెబుతారు. భాగహారం ఇస్తే చకచకా చేసి పడేస్తారు. అదే భాగహారాన్ని నాలుగు వాక్యాల్లో పెట్టి ఇచ్చానా, ఇది కూడాలా టీచర్, తీసెయ్యాలా, అది చెప్పండి చాలు, చేసేస్తాం అంటారు" అన్నావు. గొంతులో కాస్త ఏడుపు కూడా వినిపించింది. అప్పుడు పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి, నీకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇవాళ ఆదివారం. కుదురుగా కూర్చుని చెబుతున్నా, విను.

ఆ మాట మా తిరువూరు పిల్లల నోట నేనూ ఏళ్ళ తరబడి విన్నదే. ఒకరోజు విసుగెత్తి తలకిందులుగా ఒక పని చేశాను.

మార్చి నెలాఖరు. ఒంటిపూట బడులు. శనివారం ఆఖరి పీరియడ్. బయట ఎండ మండిపోతోంది, రోడ్డు మీద నున్నలోని మార్కెట్టుకు కాయలు వేసుకుపోయే బళ్ళ హారన్లు. ఏడో తరగతి పిల్లల మనసు అప్పటికే ఇంటికి వెళ్ళిపోయింది. బోర్డు మీద 38 ÷ 5 అని రాసి, "దీన్ని మీరు చెయ్యొద్దు" అన్నాను. అందరూ తలెత్తారు. "ఎక్కడ ఏం జరిగితే ఈ లెక్క పుడుతుందో అది రాయండి. జవాబు నాకక్కర్లేదు, కథ కావాలి. తెలుగులోనే రాయండి."

పది నిమిషాలు ఒక్కడూ పెన్ను కదపలేదు. తర్వాత ఒకమ్మాయి మొదలెట్టింది, ఆమెను చూసి పక్కపిల్ల, ఆ పిల్లను చూసి వెనక బెంచీ. గంట కొట్టేసరికి నలభై దాకా కాగితాలు నా బల్ల మీద ఉన్నాయి. ఇంటికొచ్చి అన్నం తిన్నాక చదువుతూ కూర్చున్నాను, సాయంత్రం దీపం పెట్టే వేళయిందని కూడా చూసుకోలేదు.

ఒకబ్బాయి రాశాడు: పెళ్ళికి 38 మంది వెళ్ళాలి, ఆటోకి ఐదుగురే పడతారు, ఎన్ని ఆటోలు మాట్లాడాలి? ఇంకో పిల్ల రాసింది: 38 మీటర్ల తాడు ఐదు సమానమైన ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఎంత? మూడో పిల్ల మామిడికాయల కథ రాసింది. ఐదుగురు అక్కచెల్లెళ్ళు తోటలో రాలిన కాయలు ఏరుకున్నారు, మొత్తం 38. తలా ఏడు వచ్చాయి. "మిగిలిన మూడు కాయలు కాపలా తాతకి ఇచ్చారు, ఎందుకంటే ఆయన వాళ్ళని కేకలెయ్యలేదు" అని ముగించింది.

గమనించావా? లెక్క ఒక్కటే, జవాబులు మూడు. ఆటోలైతే ఎనిమిది కావాలి, ఎందుకంటే మిగిలిన ముగ్గురిని రోడ్డు మీద వదిలేసి పోలేం కదా. తాడైతే ఏడు మీటర్ల అరవై సెంటీమీటర్లు. కాయలైతే ఏడు, శేషం మూడు. 38ని 5తో భాగించడం పిల్లలందరికీ వచ్చు. శేషాన్ని ఏం చెయ్యాలో మాత్రం అంకెల్లో ఉండదు, కథలో ఉంటుంది. ఆ కథను తీసేసి అంకెలు మాత్రం చేతికిచ్చి, తిరిగి వాటిని కథలో పెట్టినప్పుడు వీళ్ళకు అర్థం కావట్లేదేమిటని మనమే బాధపడుతున్నాం. పిల్లలకు జవాబు రాయడం ఒక్కటే నేర్పాం చెల్లీ. ప్రశ్న రాయడం నేర్పలేదు. నేను నీకు చెప్పదలుచుకున్నదంతా ఆ ఒక్క ముక్కే.

మామిడికాయల కథ రాసిన పిల్లకు అప్పటిదాకా స్లిప్ టెస్టుల్లో ఇరవైకి ఆరో ఏడో వచ్చేవి. భాగహారంలో శేషం దగ్గర ఎప్పుడూ తప్పే. ఆ కథలో మాత్రం తప్పలేదు.

పిల్లల సంగతి సరే, మన సంగతి చెప్పనా? చైనాలో బడి పంతులమ్మగా పనిచేసి, అమెరికా వెళ్ళి పరిశోధన చేసిన లిపింగ్ మా అనే ఆవిడ 1999లో ఒక పుస్తకం తెచ్చింది. అందులో రెండు దేశాల ప్రాథమిక పాఠశాల టీచర్లకు ఒక ప్రశ్న ఇచ్చింది: ఒకటీ ముప్పావును అరతో భాగించండి, ఆ భాగహారానికి సరిపోయే ఒక కథ చెప్పండి. అమెరికా టీచర్లు 23 మందిలో కథ నిలబెట్టగలిగింది ఒక్కరు. చైనా టీచర్లు 72 మందిలో 65 మంది చెప్పగలిగారు. అది చదవగానే నేను పుస్తకం మూసి, నాకొస్తుందేమో చూద్దామని రాసుకున్నాను. "ఒకటీ ముప్పావు కిలో ఎండుమిరపకాయల్ని ఇద్దరికి సమానంగా పంచితే..." అంతలో చెయ్యి ఆగింది. ఇద్దరికి పంచితే రెండుతో భాగించినట్టు, అరతో కాదు! అమెరికా టీచర్లలో చాలామంది పడ్డ గోతిలోనే నేనూ పడ్డాను. ఇన్నేళ్ళుగా పిల్లలకు "తిప్పి గుణించండి" అని చెబుతూ వచ్చినదాన్ని. తిప్పడం వచ్చు, గుణించడం వచ్చు, ఎందుకో మాత్రం రాదు.

ఆ రోజు నన్ను గట్టెక్కించింది అమ్మమ్మ. గుర్తుందా, నెయ్యి కొలిచేటప్పుడు సోల, గిద్దె అనేది కదా? సోలకు నాలుగు గిద్దెలు. ఒకటీ ముప్పావు సోల నెయ్యి అంటే ఏడు గిద్దెలు. అరసోల గిన్నె అంటే రెండు గిద్దెలది. ఆ గిన్నెతో ఆ నెయ్యి ఎన్నిసార్లు కొలవచ్చు? మూడు నిండు గిన్నెలు, నాలుగోది సగం. మూడున్నర. తిప్పక్కర్లేదు, గుణించక్కర్లేదు, గిన్నె కళ్ళముందే ఉంది. మర్నాడు క్లాసులో ఇదే చెప్పాను. ఒక పిల్లాడు లేచి, "మరి జవాబు ఒకటీ ముప్పావు కన్నా పెద్దదొచ్చిందేంటి టీచర్, భాగిస్తే తగ్గాలి కదా" అన్నాడు. పక్కనున్నవాడు వాడికి సమాధానం చెప్పాడు: "గిన్నె చిన్నదిరా, అందుకని ఎక్కువసార్లు పట్టింది." నేను నోరు విప్పాల్సిన పని లేకపోయింది.

ఇంగ్లీషు మీడియంలో ఈ కథలేం రాయిస్తావక్కా అని అడుగుతావని తెలుసు. మన పాఠ్యపుస్తకాల్లో ఇప్పుడు ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్నాయి కదా. నేను ముందు తెలుగులో రాయిస్తాను. అమ్మతో, అమ్మమ్మతో మాట్లాడే భాషలో ఆలోచన పుట్టాక, దాన్ని ఎదురు పేజీలోకి తీసుకెళ్ళడం రెండో పని. "సగం చెయ్యి" అన్నదానికీ "సగంతో భాగించు" అన్నదానికీ ఎంత తేడా ఉందో తెలుగులో తెలిసిన పిల్ల ఇంగ్లీషులోనూ మోసపోదు.

ఇదేదో కొత్త పద్ధతనీ, ఎవరో శిక్షణలో చెబితే వచ్చిందనీ అనుకోకు. లెక్కనూ కవిత్వాన్నీ ఒకే పీట మీద కూర్చోబెట్టడం మన భాషకు వెయ్యేళ్ళ నాటి అలవాటు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయనది పదకొండో శతాబ్దమని చెబుతారు. నన్నయ భారతం పక్కన పెట్టి చూడు, తెలుగులో కావ్యం పుట్టిన కాలంలోనే తెలుగులో లెక్కలూ పుట్టాయి, అవీ పద్యాల్లోనే పుట్టాయి. నాకైతే ఈ సంగతి తలచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. మరి మన బడిలో తెలుగు క్లాసుకూ లెక్కల క్లాసుకూ మధ్య ఇంత గోడ ఎందుకు లేచిందో?

చదరంగం పలక కథ నీకు తెలుసు కదా. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా 64 గళ్ళకూ రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం 18446744073709551615 గింజలు. ఈ ఇరవై అంకెల సంఖ్యను మల్లన పేరున ఉన్న ఒక పద్యం ఛందస్సు చెడకుండా ఇముడ్చుకుంది. ఎలాగంటే, ఒక్కో అంకెకూ ఒక్కో మాట. చంద్రుడంటే ఒకటి, అగ్ని అంటే మూడు, వేదాలంటే నాలుగు, బాణాలంటే ఐదు, కొండలంటే ఏడు, ఆకాశమంటే సున్నా. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి కుడి నుంచి ఎడమకు చదవాలి. భూతసంఖ్యలంటారు వీటిని.

దీన్ని తొమ్మిదో తరగతికి చెప్పి, "బాణాలూ వేదాలూ వాళ్ళవి. మీ ఇంట్లో, మీ చేలో ఉన్నవాటితో మీ భూతసంఖ్యలు మీరు కట్టుకోండి" అన్నాను. ఒకటికి చందమామను అలాగే ఉంచుకున్నారు. రెండుకు కొందరు కళ్ళన్నారు, కొందరు కాడెద్దులన్నారు. మూడుకు పొయ్యిరాళ్ళు. నాలుగుకు మంచంకోళ్ళు అని ఒకరు, పుంజీ అని ఒకరు కొట్టుకున్నంత పని చేశారు. ఐదుకు వేళ్ళు, పాండవులు. ఆరుకు తూనీగ కాళ్ళు. ఏడుకు వారాలు. ఎనిమిదికి సాలీడు కాళ్ళు. తొమ్మిదికి గుడిలో నవగ్రహాలు. సున్నాకు ఏం పెట్టాలో చాలాసేపు తేల్చుకోలేకపోయారు. చివరికి ఒక పిల్ల చెయ్యి పైకెత్తి, ఊపి చూపించింది. గాజు! మల్లన కాలంలోని ఆకాశం కన్నా ఈ గాజే నాకు నచ్చింది చెల్లీ, గుండ్రంగా ఉంది, లోపల ఏమీ లేదు, పైగా గలగలమంది.

తర్వాత మా ఊరి పిన్‌కోడ్ 521235 రాయమన్నాను. "వేళ్ళూ, పొయ్యిరాళ్ళూ, కాడెద్దులూ, చందమామా, కళ్ళూ, పాండవులూ" అని వచ్చింది ఒకదానిలో. కుడి నుంచి ఎడమకు పేర్చి చూడు, తిరువూరు వస్తుంది. వీటిని కడుతూ కడుతూనే స్థానవిలువ అంటే ఏమిటో వాళ్ళకు పట్టుబడింది. రెండు అన్న అంకె రెండు చోట్ల ఉన్నా రెండింటి విలువా వేరని, తారుమారైతే ఉత్తరం వేరే ఊరికి పోతుందని వాళ్ళే చెప్పుకున్నారు.

ఛందస్సు దగ్గర ఇంకో తమాషా జరిగింది. మా తెలుగు మేష్టారు తరగతిలో గణాలు చెబుతున్నారు, నేను వరండాలో నా పీరియడ్ కోసం నిలబడి ఉన్నాను. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, చంపకమాలలో 21. పిల్లలు రెండూ విడివిడిగా బట్టీ పడుతున్నారు. నేను లోపలికి వెళ్ళి మేష్టారి అనుమతి తీసుకుని, "రెండింటికీ మాత్రలు లెక్కెయ్యండి" అన్నాను. రెండూ 28. మరి ఒక అక్షరం ఎక్కడ ఎక్కువైంది? రెండు పాదాల గుర్తులూ ఒకదాని కింద ఒకటి రాయించాం. ఉత్పలమాల మొదటి గురువును విరిచి రెండు లఘువులు చేస్తే చంపకమాల! మిగతాదంతా అక్షరం అక్షరం అదే. అప్పుడొక పిల్లాడు అడక్కుండానే శార్దూలం తీశాడు. 19 అక్షరాలు, 30 మాత్రలు. దాని మొదటి గురువునూ విరిచాడు. 20 అక్షరాలు, మత్తేభం. వాడి ముఖం నువ్వు చూడాల్సింది. మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నేను రెండింటినీ విడిగానే చెబుతూ వచ్చానమ్మా ఇన్నాళ్ళూ" అన్నారు.

ఆ రోజు అక్కడితో ఆగలేదు. నాలుగు మాత్రలను గురులఘువులతో ఎన్ని రకాలుగా నింపొచ్చు? అయిదు రకాలు. అయిదు మాత్రలను? ఎనిమిది. ఆరింటిని? పదమూడు. ముందున్న రెండూ కలిపితే తర్వాతది వస్తోంది. ఎందుకంటే ఆఖర్న లఘువు పెడితే దాని ముందు ఒక మాత్ర తక్కువ, గురువు పెడితే రెండు తక్కువ. ఐరోపాలో ఫిబొనాచి 1202లో రాసిన పుస్తకం వల్ల ఈ వరసకు ఆయన పేరొచ్చింది కానీ, ఛందస్సు లెక్కలు చూసిన విరహాంకుడూ, హేమచంద్రుడూ మన దేశంలో అంతకు ముందే దీన్ని చెప్పారు. 2014లో ఫీల్డ్స్ పతకం అందుకున్న మంజుల్ భార్గవ ఈ ముచ్చటే ఎక్కడికి వెళ్ళినా ఇష్టంగా చెబుతుంటారు.

అలాగని సూత్రాలకు పాటలు కట్టించడం మొదలుపెట్టేవు సుమా! దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టేవాళ్ళున్నారు. వైశాల్యం సూత్రాన్ని సినిమా పాట వరసలో పాడితే పరీక్షదాకా గుర్తుంటుంది, సరే. అందులో పిల్ల సొంతంగా ఆలోచించిందేముంది? పాట పాడటం మరొకరి మాటను మోయడం. కథ రాయడం అలా కాదు, పిల్ల తన మాటను తనే నిలబెట్టాలి. ఇంకొకటి, ఆ కాగితాల మీద ఎర్ర పెన్ను పెట్టకు. ఒత్తులు తప్పుతాయి, దీర్ఘాలు పోతాయి. పోనీ. ఆ పని తెలుగు మేష్టారు చూసుకుంటారు. నువ్వు కథ అడుగున ఒకే ఒక్క ప్రశ్న రాయి: "ఇక్కడ ఇంకొకరు వస్తే ఏమవుతుంది?" అని. పిల్ల మళ్ళీ రాస్తుంది.

సిలబస్ సంగతి అడిగావు కదా. వారానికి ఒక్క పీరియడ్. అంతే. నాకు సిలబస్ ఎప్పుడూ వెనకబడలేదు, ఎందుకంటే శేషం గురించి మూడుసార్లు చెప్పాల్సింది ఒకసారి చెబితే సరిపోయింది.

లీలావతిలో తేనెటీగల లెక్క నీకు గుర్తుందా? భాస్కరాచార్యుడు 1150లో రాసినది. ఒక గుంపులో ఐదోవంతు కడిమి పువ్వుకు, మూడోవంతు ఇంకో పువ్వుకు, ఆ రెండింటి తేడాకు మూడురెట్లు మరో పువ్వుకు పోతాయి. ఒక్క ఈగ మాత్రం ఎటూ పోలేక గాలిలో తిరుగుతుంటుంది. మొత్తం 15. మూడు, ఐదు, ఆరు, ఒకటి. ఈ లెక్క చెప్పినప్పుడల్లా నేను పిల్లల్ని ఒకటే అడుగుతాను: ఆ ఒంటరి ఈగను తీసేస్తే? లెక్కకు జవాబే ఉండదు. వంతులన్నీ వంతులుగానే ఉండిపోతాయి, ఎన్ని ఈగలో ఎప్పటికీ తేలదు. ఎటూ చేరని ఆ ఒక్కటే మొత్తం గుంపును లెక్కకు తెస్తోంది. భాస్కరుడు దాన్ని పువ్వు వాసనకు మత్తెక్కి ఊగిసలాడేలా రాశాడంటే ఊరికే అందం కోసం కాదని నాకు అనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఆ అబ్బాయిని అడిగాను, పేరు లేకుండా రాస్తే ఫర్వాలేదన్నాడు.

ఎనిమిదో తరగతి. వడ్డీ పాఠం అయింది, మీ లెక్క మీరు రాయండన్నాను. చాలామంది బ్యాంకు, ఎఫ్‌డీ, పుస్తకంలో ఉన్నవాటిలాంటివే రాశారు. ఎప్పుడూ నోరు విప్పని ఒకబ్బాయి కాగితం మాత్రం ఇలా ఉంది: "మా నాన్న పత్తికి 60,000 తెచ్చాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలనెలా 1,200 కడుతున్నాడు. అప్పు ఎప్పుడు తీరుతుంది?"

చదివి అలా కూర్చుండిపోయాను. దీనికి జవాబు తెలుసు కదా నీకు. నెల వడ్డీ సరిగ్గా 1,200. అసలులో ఒక్క రూపాయి తగ్గదు. ఎన్నేళ్ళు కట్టినా 60,000 అలాగే ఉంటుంది. పాఠ్యపుస్తకంలో ఇలాంటి ప్రశ్న ఉండదు, ఎందుకంటే వెనక పేజీల్లో దానికి అచ్చువేయడానికి అంకె లేదు.

ఆ కాగితం క్లాసులో చదవలేదు. ఇది నీకు మరీ మరీ చెబుతున్నా చెల్లీ, పిల్లలకు కలం ఇస్తే ఇల్లు బయటికొస్తుంది. వాళ్ళ అనుమతి లేకుండా ఏదీ పైకి చదవకు, గోడ మీద అంటించకు. బడి వదిలాక వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "దీనికి జవాబు లేదని నీకు తెలుసా?" అన్నాను. తలూపాడు. తెలిసే రాశాడన్నమాట. "అయితే ప్రశ్న మారుద్దాం" అన్నాను. "నెలకు 2,000 కడితే?"

నోట్‌బుక్కులో గీతలు కొట్టుకున్నాడు. మొదటి నెల వడ్డీ 1,200, అసలులో 800 పోయింది, మిగిలింది 59,200. రెండో నెల వడ్డీ 1,184, అసలులో 816 పోయింది. మూడో నెలకు వచ్చేసరికి వాడు నా వైపు చూడటం మానేశాడు. ఇంటికి తీసుకెళ్ళి పూర్తిచేశాడు. 47 వరసలు. నాలుగేళ్ళకు ఒక నెల తక్కువ. వర్గాలూ ఘాతాలూ చెప్పి చెప్పి నేను నేర్పలేనిది, అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గడం, వడ్డీ తగ్గేకొద్దీ అసలు ఇంకా త్వరగా తగ్గడం, ఆ 47 వరసల్లో వాడి వేళ్ళకు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "టీచర్, 2,500 కడితే కూడా చేశాను. మా అమ్మ కూలి డబ్బుల్లోంచి 500 వేస్తానంది" అన్నాడు. కాగితం తీసి చూపించాడు. 33 నెలలు. ఆ తర్వాత ఇంకా 55 రూపాయలు మిగిలాయి. ఆ 55 కింద రెండు గీతలు గీసి, పక్కన చిన్న అక్షరాలతో రాసుకున్నాడు: "ఇవి నేను ఇస్తాను."